2024 నవంబరులో మా అమ్మ బతికే ఉంది: పింఛను అధికారులకు ఒక కూతురి బహిరంగ లేఖ

విశాఖపట్నంలో పింఛన్లు చెల్లించే బ్యాంకు శాఖల మేనేజర్లకు, పింఛను విభాగాల అధికారులకు,

నమస్కారం.

నేను బురుజుపేటలో ఉంటాను. రిటైరైన టీచర్ని. ఈ ఏడాది ఫిబ్రవరి 9న, భీష్మ ఏకాదశి మర్నాడు తెల్లవారుజామున, మా అమ్మ మా ఇంట్లోనే కన్నుమూసింది. ఆధార్ కార్డు లెక్కన ఆమెకి 95 ఏళ్లు. ఆమెకి రావలసిన పింఛను గురించి మార్చిలో ఒకటి, మేలో ఒకటి, జూలైలో ఒకటి మూడు ఉత్తరాలు రాశాను. మూడోది రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి అన్నది రాయడం లేదు. ఒక బ్రాంచిని బజారుకీడ్చాలని కాదు నా ఉద్దేశం. మాకు జరిగింది చాలా ఇళ్లలో జరుగుతోంది.

ముందు మా అమ్మ గురించి కొంచెం చెప్పాలి. మీ దగ్గర ఆమె ఒక పింఛను నంబరు మాత్రమే కాబట్టి చెప్పాలి.

అమ్మకి పుట్టినరోజు తెలీదు. ఆధార్‌లో 1930 జనవరి 1 అని వేశారు, తేదీ తెలియనివాళ్లందరికీ వేసినట్టే. తన వయసు ఎవరైనా అడిగితే ఆమె లెక్క వేరే ఉండేది. "బాంబులు పడ్డ ఏడు నాకు పన్నెండేళ్లు" అనేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ హార్బరు మీద బాంబులు వేశాయి. ఆ రాత్రే ఊరు సగం ఖాళీ అయిందట. అమ్మావాళ్లు ఎడ్లబండి కట్టుకుని సబ్బవరం వైపు చుట్టాలింటికి వెళ్లిపోయారు. దారిపొడుగునా ఇత్తడి బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానని చెప్పేది. ఆ బిందె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. 1948 మార్చిలో నెహ్రూ గారు వచ్చి జలఉష ఓడని నీళ్లలోకి దింపిన రోజు, కొత్తగా పెళ్లైన అమ్మ జనం మధ్యలో మునివేళ్ల మీద నిలబడి చూసింది. ఓడ కనపడిందా అమ్మా అంటే, "మనుషుల తలకాయలే కనపడ్డాయి గానీ ఓడ దిగిన చప్పుడు ఇన్నాను" అనేది.

నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో కలాసీ. ఐదుగురు పిల్లలం. ఆ జీతం మా అందరికీ చాలేది కాదు. అందుకని అమ్మ పూర్ణా మార్కెట్ కొట్లకి చింతపండు పిక్క తీసిచ్చేది. ఏజెన్సీ నుంచి బస్తాలు వచ్చే సీజన్లో మా వరండా నిండా చింతపండే. పొద్దున్న మా కారియర్లు కట్టి కూర్చుంటే, దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. పెచ్చు ఊడదీసి, ఈనె లాగి, పిక్క తీసి, ముద్ద చెయ్యాలి. ఆ పులుపుకి వేళ్ల చివర్లు తెల్లగా నాని, చర్మం పొరలు పొరలుగా లేచేది. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకునేది, పొద్దున్నే మళ్లీ అదే పని. దాదాపు ముప్పయ్యేళ్లు ఆ పని చేసింది. అది కాక బూడిదా చింతపండూ పెట్టి గిన్నెలు తోమడం ఎలాగూ ఉంది. ఆఖరి రోజుల్లో ఆమె బొటనవేలు నా అరచేతిలో పెట్టుకుని చూసేదాన్ని. ఒక్క గీత ఉండేది కాదు, నదిలో దొరికే గులకరాయిలా నున్నగా ఉండేది. మీరు చూడాల్సిన సర్టిఫికెట్ నిజానికి ఆ వేలే.

1991లో నాన్న పోయాడు. ఫ్యామిలీ పింఛను కాగితాల కోసం అమ్మ వేలిముద్ర వెయ్యాల్సి వస్తే, "నాను ఎయ్యను, నువ్వు టీచరువి కదే గుంటా, నేర్పించు" అంది. 61 ఏళ్ల మనిషికి పలక మీద నేనే సంతకం నేర్పించాను. రెండు వారాలు పట్టింది. మొదటి పింఛను సంతకం పెట్టి తీసుకున్న రోజు కనకమహాలక్ష్మి గుడికెళ్లి, తన చేత్తోనే అమ్మవారికి పసుపు కుంకుమ పెట్టుకుని వచ్చింది. అప్పట్నుంచి ప్రతి మార్గశిరంలో ఒక గురువారం తన పింఛను డబ్బుతో అమ్మవారికి చీర పెట్టేది. మా డబ్బు ముట్టుకోనిచ్చేది కాదు.

వేలిముద్ర దాటి సంతకం దాకా వచ్చిన అలాంటి మనిషిని మీ యంత్రం మళ్లీ వేలిముద్ర దగ్గరికి తీసుకొచ్చింది. పింఛను తీసుకునేవాళ్లు తాము బతికే ఉన్నామని ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని వేలిముద్రతో ఇచ్చే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, అంటే జీవన్ ప్రమాణ్, 2014 నవంబరులో వచ్చింది. ఇల్లు కదలకుండా బతికున్నట్టు చూపించుకోవచ్చని తెచ్చిన ఏర్పాటది. నేను దాన్ని తప్పు పట్టడం లేదు. వేళ్ల మీద గీతలున్నవాళ్లకి అది సుఖమే.

2023 నవంబరులో జరిగింది చెప్తాను. మేం ఉండేది మేడ మీద. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మా అబ్బాయీ పక్కింటి కుర్రాడూ కలిసి అమ్మని కిందికి దింపారు. ఆటోలో బ్రాంచికి తీసుకెళ్లాం. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాం. కౌంటర్లో అబ్బాయి మంచివాడే. "మామ్మగారూ, గట్టిగా నొక్కండి" అని ఓపిగ్గా చెప్పాడు. బొటనవేలు రాలేదు. చూపుడువేలు రాలేదు. పది వేళ్లూ అయిపోయాయి. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించాడు, వేజలైన్ రాసి పెట్టించాడు. ప్రతిసారీ ఎర్ర లైటే. ప్రతిసారీ వేలు తీసి చీర చెంగుకి తుడుచుకుని, తప్పు తనదే అన్నట్టు అమ్మ నా మొహంలోకి చూసేది. వెనక లైన్లో వాళ్లు విసుక్కోవడం మొదలుపెట్టారు. చివరికి కాగితం మీద లైఫ్ సర్టిఫికెట్ నింపి, అమ్మ సంతకం పెట్టి ఇచ్చింది. "ఎంట్రీ చేస్తాం, వెళ్లండి" అన్నారు. రసీదు ఇవ్వలేదు. అడగాలని నాకూ తోచలేదు.

డిసెంబరు పింఛను పడలేదు. నెలకి 18 వేల పైచిలుకు. జనవరిదీ పడలేదు. వెళ్లి అడిగితే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదని ఉందన్నారు. ఇచ్చామంటే కాగితం చూపించమన్నారు. ఏప్రిల్ దాకా ఐదు నెలలు ఆగిపోయింది. ఎనిమిదిసార్లు తిరిగాక మేలో బకాయిలతో సహా వేశారు. అంతా వచ్చేసింది కదా, ఇంకేమిటి గొడవ అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. ఆ ఐదు నెలల్లో మా ఇంట్లో ఏం జరిగిందో వినండి.

డబ్బు ఆగిందని అమ్మకి చెప్పకూడదనుకున్నాం. కానీ పాస్‌బుక్కు ప్రతి నెలా చేత్తో పట్టుకుని చూసే మనిషికి దాచడం కుదరదు. ఒకరోజు సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి, "గవర్మెంటోళ్లు నాను సచ్చిపోనానని రాసీసారేటే?" అని అడిగింది. కాదమ్మా, మెషిన్ తప్పు అన్నాను. నమ్మలేదు. ఆ ఏడాది మార్గశిరంలో అమ్మవారికి చీర పెట్టలేదు. నేను కొంటానంటే, "నా డబ్బులొచ్చాక పెడదాం" అంది. సాయంత్రం టీ మానేసింది, వేడి చేస్తోందని చెప్పి. మార్చిలో పక్క దులుపుతుంటే ఆమె ఆకుచెక్కల పెట్టె కింద పడి మూత ఊడింది. లోపల బీపీ మాత్రలు, సగానికి విరిచినవి, పద్ధతిగా కాగితంలో చుట్టి ఉన్నాయి. రోజుకి సగం మింగి సగం దాచుకుంటోంది. నెల మందులు రెండు నెలలొస్తాయని. ఇంట్లో నా పింఛనుంది, మా అబ్బాయి జీతముంది, మందులు కొనలేని స్థితి మాకు లేదు. అయినా ఆమెకి అది లెక్క కాదు. తన మందులు తన డబ్బుతోనే కొనుక్కోవాలి, 1991 నుంచీ అంతే.

ఆ సగం మాత్రలు నేను పారెయ్యలేదు.

మరుసటి ఏడాది, 2024 అక్టోబరుకి, అమ్మ మంచం దిగలేని స్థితికి వచ్చింది. 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు కాబట్టి ఆ మొదటి వారంలోనే బ్రాంచికెళ్లి, ఇంటికొచ్చి చూడమని అడిగాను. స్టాఫ్ లేరన్నారు. ఫోన్లో మొహం చూపిస్తే చాలన్నారు. ఆ యాప్ కళ్లు ఆర్పమంటుంది. అమ్మకి వినపడదు. నేను చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్తే, పాపం కళ్లు గట్టిగా మూసుకుని, తెరవమనేదాకా అలాగే పడుకునేది. మూడు రోజులు ప్రయత్నించాం. మూడో రోజు, "ఇంక నన్నొగ్గియ్యే" అంది.

నవంబరులో గెజిటెడ్ ఆఫీసరు గారొకరు మా మేడ మెట్లెక్కి వచ్చి, అమ్మని చూసి, సంతకం పెట్టి స్టాంపు వేశారు. ఆయనకి మా కుటుంబమంతా రుణపడి ఉంటాం. ఆ కాగితం బ్రాంచిలో ఇచ్చి, ఈసారి జిరాక్స్ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. అయినా డిసెంబరు పింఛను పడలేదు. జనవరిదీ పడలేదు. ఫిబ్రవరిలో అమ్మే వెళ్లిపోయింది.

మరణ ధ్రువపత్రం తీసుకుని బ్రాంచికి వెళ్లిన రోజే ఖాతా ఆపేశారు, అదే రోజు, నా కళ్ల ముందే. చనిపోయిందన్న కాగితాన్ని పది నిమిషాల్లో నమ్మారు. రావలసిన రెండు నెలల తొమ్మిది రోజుల పింఛను గురించి అడిగితే, నేనిచ్చిన లైఫ్ సర్టిఫికెట్ ఫైల్లో కనపడటం లేదనీ, మా అమ్మ 2024 నవంబరులో బతికి ఉన్నట్టు ఆధారం తెమ్మనీ చెప్పారు. 2025 ఫిబ్రవరి 9న చనిపోయిందని ప్రభుత్వమే ఇచ్చిన పత్రం ఆ టేబుల్ మీదే ఉంది. అంతకు మూడు నెలల ముందు ఆ మనిషి బతికి ఉందనడానికి ఇంకేం ఆధారం కావాలి? ఆ ప్రశ్న ఆ రోజు అడగలేకపోయాను. నోట మాట రాక బయటికొచ్చేశాను. అదే ప్రశ్న మూడు ఉత్తరాల్లో అడిగాను. ఇప్పుడిక్కడ అడుగుతున్నాను.

మా అమ్మ సంగతి అయిపోయింది. కానీ మళ్లీ నవంబరు వస్తోంది. కంచరపాలెంలో, గాజువాకలో, అల్లిపురంలో, వన్ టౌన్ సందుల్లో మేడ మెట్లు దిగలేని తల్లులూ తండ్రులూ ఎందరో ఉన్నారు. వాళ్ల కోసం ఈ కింది సంగతులు మీ ముందు పెడుతున్నాను.

1. ఇంటికి రండి. 70 దాటినవాళ్లకి లైఫ్ సర్టిఫికెట్‌తో సహా ముఖ్యమైన సేవలు ఇంటి దగ్గరే అందించాలని రిజర్వ్ బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులకి చెప్పింది. ఎనిమిదేళ్లవుతోంది. మా వీధిలో సామాజిక పింఛను తీసుకునే పెద్దవాళ్లకి సచివాలయం ఉద్యోగులు ఒకటో తారీఖున గుమ్మం దగ్గరికొచ్చి 4 వేలు చేతిలో పెట్టి వెళ్తున్నారు. అదే గుమ్మం దాటి మీరు ఎందుకు రాలేరు? ఎవరికి ఎన్నేళ్లో, ఎక్కడుంటారో మీ రికార్డుల్లోనే ఉంది. 80 దాటినవాళ్ల జాబితా సెప్టెంబరులో తీసి, అక్టోబరులో మీరే ఫోన్ చేసి వెళ్లండి. ఒక్కో బ్రాంచికి వాళ్లు వేలల్లో ఉండరు. పోస్టుమేన్ ఇంటికొచ్చి 70 రూపాయలు తీసుకుని డిజిటల్ సర్టిఫికెట్ చేసే ఏర్పాటు కూడా ఉంది. కానీ అదీ వేలిముద్ర మీదో మొహం మీదో నడిచేదే కాబట్టి, మా అమ్మలాంటి వాళ్లకి మనిషే వచ్చి చూడాలి.

2. చూడకుండా ఆపొద్దు. లైఫ్ సర్టిఫికెట్ అందలేదని కంప్యూటర్ చెప్పగానే పింఛను నిలిపేస్తున్నారు. ఆపేముందు ఒక ఫోన్ కాల్ ఉండదు, ఒక ఉత్తరం ఉండదు. చనిపోయినవాళ్ల పేరు మీద డబ్బు పోకూడదన్నది న్యాయమే, ప్రజల సొమ్ము కదా. కానీ బతికున్నవాళ్ల డబ్బు ఆగితే ఏమవుతుందో చూడండి. మా సందు చివర ఒక పెద్దావిడ ఉంది, పిల్లలు లేరు. రెండు నెలలు పింఛను ఆగితే చెవి దుద్దులు తాకట్టు పెట్టింది. బకాయి వచ్చాక విడిపించుకుందామంటే వడ్డీ చాలా అయిపోయి, దుద్దులు వదిలేసుకుంది. ఆ దుద్దులు ఆవిడ భర్త చేయించినవి. మీరు బకాయి మొత్తం వేసినా అవి తిరిగి రావు. కనీసం 80 దాటినవాళ్ల విషయంలో, మనిషి వెళ్లి చూసి వచ్చేదాకా పింఛను ఆపకూడదని ఒక ఆర్డర్ ఇవ్వండి.

3. కాగితానికి విలువ ఇవ్వండి, రసీదు ఇవ్వండి. నిర్దేశించిన అధికారి సంతకంతో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే పింఛనుదారు స్వయంగా రానక్కర లేదని నిబంధనల్లోనే ఉంది. కౌంటర్లో ఉన్న చాలామందికి ఆ సంగతి తెలీదు. తెలిసినవాళ్లు కూడా "ఆన్‌లైన్ అయితేనే బెటర్ అమ్మా" అంటారు. వాళ్లని తిట్టడం లేదు, వాళ్ల మీద పని భారం చూశాను. కానీ ఇచ్చిన కాగితం ఏమైందో ఎవరూ చెప్పలేని పద్ధతి ఉండకూడదు. కాగితం అందుకున్న రోజే నంబరు వేసి రసీదు ఇవ్వాలి, ఎంట్రీ అయ్యాక ఫోన్‌కి మెసేజ్ రావాలి.

4. వయసు పెరిగినప్పుడు పెరగాల్సిన పింఛను అడక్కుండానే పెంచండి. 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకి నూరు శాతం అదనం. అమ్మకి 2020 జనవరిలో 40 శాతం కావాలి. 14 నెలల తర్వాత, నేను వెంటపడితే వచ్చింది. ఎవరూ వెంటపడని ఇళ్లలో ఏమవుతోందో ఊహించుకోండి. ఈ జనవరిలో ఆమెకి 95 నిండి 50 శాతానికి అర్హురాలైంది. అది చూడకుండానే పోయింది.

5. చనిపోయినవాళ్ల బకాయి త్వరగా తేల్చండి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో క్లెయిమ్ పరిష్కరించాలని ఖాతాల విషయంలో రిజర్వ్ బ్యాంకు ఎప్పటినుంచో చెప్తోంది. మేం కాగితాలిచ్చి ఏడు నెలలైంది. చనిపోయిన తేదీ ఆ రోజు దాకా బతికి ఉన్నట్టు చెప్తుంది కదా! ఆ ఒక్క మాట రాతపూర్వకంగా అన్ని బ్రాంచీలకీ పంపండి చాలు. ఏడుస్తూ వచ్చిన ఇంటివాళ్లని పాత నవంబరుకి ఆధారాలు అడగడం ఆగిపోతుంది.

ఇక నాలాంటి కొడుకులకీ కూతుళ్లకీ ఒక మాట. ఇచ్చిన ప్రతి కాగితానికీ కాపీ ఉంచుకోండి, ముద్ర వేయించుకోండి. అమ్మానాన్నల మందుల పెట్టె మీరే తెరిచి చూడండి, అంతా వేసుకుంటున్నాం అని వాళ్లు చెప్పినా సరే.

నేను అడిగే బకాయి ఎంతో పెద్ద మొత్తం కాదు. దాని మీద నాకు ఆశ కూడా లేదు. ఆఖరి రెండేళ్లు అమ్మని కనిపెట్టుకుని ఉన్న ఆయా జీతం అమ్మే తన పింఛనులోంచి తన చేత్తో ఇచ్చేది. డిసెంబరు, జనవరి జీతాలు ఇవ్వలేకపోయింది. నేనిస్తే ఆయా తీసుకోలేదు. "మామ్మగారు లెక్క చూసి ఇస్తానన్నారు, ఆవిడ డబ్బు రానివ్వండి" అంటోంది. కార్తీకంలో వాళ్ల అమ్మాయి పెళ్లి. ఈలోగా ఆ డబ్బు విడుదల చేసి, నవంబరు 1 లోపల నాకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పింఛనుదారు కూతురు,
బురుజుపేట, విశాఖపట్నం.
2025 అక్టోబరు